ఎల్లారెడ్డి నుంచి వచ్చిన కొలతలు

ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. యూనివర్సిటీ హాస్టల్లో నాకంటే ఒక ఏడాది ముందు చేరింది, అంతే. మాది కామారెడ్డి పక్క పల్లె, ఆమెది ఎల్లారెడ్డి. ఇద్దరిదీ ఒకే జిల్లా అని తెలిసిన రోజే తన మంచం పక్క మంచం నాకు ఖాళీ చేయించింది. అప్పటిదాకా దాని మీద పడుకునే అమ్మాయిని ఏం చెప్పి వేరే గదికి పంపిందో నాకు తెలియదు. ఎదుటివాళ్లను నొప్పించకుండా ఒప్పించడం ఆమెకు బాగా వచ్చు.

వాళ్ల నాన్న ఆమె చిన్నప్పుడే పోయారు. నాన్న తమ్ముణ్ని ఆమె కాక అనేది, ఆయన ఇంట్లోనే పెరిగింది. కాక చదివించాడు, కాని ఆ చదివించిన సంగతి ఇంట్లో రోజూ వినపడేదట. సెలవులకు వెళ్లినప్పుడు బట్టలు ఎక్కువ తీసుకుపోయేది కాదు. "తొందరగ వచ్చేస్త చెల్లె, ఆడ ఎక్కువ రోజులుంటే మాటలు పడాలె" అనేది నవ్వుతూనే. నాకు అక్కలు లేరు. జ్వరం వచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చి, మా అమ్మకు ఫోన్ చేసి "పిల్ల మంచిగనే ఉన్నది, మీరు పరేషాన్ కాకుండ్రి" అని చెప్పిన మనిషిని అక్క అనకుండా ఎలా ఉంటాను?

మా ఇద్దరికీ గైడు ఒక్కరే. పని కూడా ఒక్కటే, గోధుమ. మా జిల్లాలో గోధుమ మీద పని చేస్తున్నానంటే చాలామంది నవ్వేవాళ్లు. వరి, మక్క, సోయా, చెరుకు పండే నేల కదా. కాని నల్లరేగడి ఉన్న చోట యాసంగిలో, అంటే చలికాలపు పంటగా, ఇంటి తిండికి కాస్త గోధుమ చల్లుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మహారాష్ట్ర హద్దు వైపు పోయినకొద్దీ ఇంకా కనిపిస్తారు. అలాంటి పాత రకం ఒకటి మా సార్ సంపాదించారు. మనిషి ఛాతీ దాకా పెరుగుతుంది, ఆలస్యంగా ఈనుతుంది, అంటే కంకి వేస్తుంది. కాని గింజ పాలు పోసుకునే వేళ ఎండ ముదిరినా ముడుచుకుపోయి నొక్కులు పడదు. దాన్ని తల్లిగా, పొట్టిగా ఉండి తొందరగా ఈనే కొత్త రకాన్ని తండ్రిగా పెట్టి కలిపి, పుట్టిన సంతానాన్ని తరం తర్వాత తరం విడివిడిగా పెంచుకుంటూ వచ్చారు. మా చేతికి వచ్చేసరికి అవి రెండు వందల పైచిలుకు వరుసలయ్యాయి. ఒకే తల్లిదండ్రుల పిల్లలే అన్నీ. ఒకదానికి తల్లి ఎత్తు, తండ్రి తొందర వచ్చాయి. ఇంకోదానికి తండ్రి పొట్టితనం, తల్లి గింజ వచ్చాయి. ఎవరికి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడమే మా పని.

ల్యాబులో ప్రతి వరుస ఆకు నూరి డీఎన్‌ఏ తీసేవాళ్లం. ఏ క్రోమోజోము మీద ఏ ముక్క తల్లిదో, ఏ ముక్క తండ్రిదో గుర్తులు పెట్టుకునేవాళ్లం. పొలంలో అవే వరుసలు ఎన్నో రోజున ఈనాయి, ఎంత ఎత్తు పెరిగాయి, ఎన్ని పిలకలు వేశాయి, వెయ్యి గింజలు ఎంత తూగాయి అని కొలిచేవాళ్లం. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. గింజ బరువున్న వరుసల్లో ఫలానా చోట తల్లి ముక్కే ఉందని తేలితే, ఆ బరువును నడిపించే జన్యువు ఆ చుట్టుపక్కలే ఉందన్నమాట. కంప్యూటర్ దాన్ని గీత గీసి చూపిస్తుంది. ఏమీ లేని చోట గీత నేలకు అంటుకుని పోతుంది, జన్యువు ఉన్న చోట పైకి లేస్తుంది. మేం దాన్ని గుట్ట అనేవాళ్లం. ల్యాబులో ఒకరినొకరు "గుట్ట లేచిందా?" అని పలకరించుకునేవాళ్లం.

ఒక్క ఊళ్లో కొలిస్తే ఆ గుట్టను ఎవరూ నమ్మరు. గింజ బరువు జన్యువు వల్ల వచ్చిందా, ఆ మడిలో ఎరువు ఎక్కువ పడటం వల్ల వచ్చిందా అని అడుగుతారు. అందుకే రెండు చోట్ల వేయాలి. మా బాపు కామారెడ్డి దగ్గర ఇంటి పొలంలో కొంత ఇచ్చాడు. అక్క వాళ్ల కాకను అడిగి ఎల్లారెడ్డిలో కొంత ఒప్పించింది. కామారెడ్డి మడి నేను చూసుకోవాలి, ఎల్లారెడ్డి మడి ఆమె. కొలతలు మాత్రం ఇద్దరివీ. ఈనిన రోజు, గింజ బరువు నా థీసిస్‌కు. ఎత్తు, పిలకలు ఆమె థీసిస్‌కు. అలా పంచుకున్నాం. కంకి వేసే రోజులు రెండు ఊళ్లలో ఒకేసారి వస్తాయి. ఆ నెల రోజులు పొద్దున్నే లేచి వరుసవరుసా తిరగాల్సిందే. ఒక మనిషి రెండు చోట్ల ఉండటం కుదరదు.

కార్తీకంలో విత్తనం వేశాం. కవర్లు నేనే కట్టాను. నాలుగు వరుసలకు గింజ తక్కువ పడి రెండు చోట్లకూ సరిపోలేదు. ఆ నాలుగూ మా దగ్గరే వేసి, ఎల్లారెడ్డి కవర్లలో వాటికి బదులు పొట్టి రకం నింపాను, మడిలో ఖాళీ పడకుండా. ఏ కవర్లలో ఏముందో ఒక చీటీ రాసి పెట్టె అడుగున పెట్టాను. నోటితో చెప్పాలనుకుని ఆ హడావుడిలో మరిచిపోయాను. అక్క పెట్టె తీసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది. వారానికి మొలకల ఫొటో పంపింది. నల్ల మట్టిలో పచ్చగా, గీసినట్టు వరుసలు. మా బాపుకు చూపిస్తే, "మనదానికన్న మంచిగ మొలిచింది గదా" అన్నాడు.

డిసెంబర్ ఆఖరు నుంచి ఫొటోలు రావడం ఆగిపోయింది. ఫోన్ కెమెరా పాడైందని చెప్పింది. నేను పట్టించుకోలేదు. మా మడిలో నాకు ఊపిరి సలపడం లేదు. మంచుకు చీర కుచ్చిళ్లు తడుస్తాయని బాపు పాత ప్యాంటు ఒకటి వేసుకుని మోకాళ్ల దాకా మడిచి తిరిగేదాన్ని. సగం మొక్కలకు కంకి బయటపడితే ఆ వరుస ఈనినట్టు లెక్క. వంగి చూడాలి, లెక్కపెట్టాలి, రాయాలి, చీటీ కట్టాలి. మీసాల కంకులు గీరుకుని చేతులు ఎర్రగా మండేవి. సాయంత్రం ఇంటికి వచ్చాక నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి అక్కకు పంపేదాన్ని. పుస్తకం ఎక్కడైనా పోతే ఇంకొక దగ్గర ఉంటుందని అలా అనుకున్నాం. అది ఆమె ఆలోచనే అని ఇప్పుడు చెప్పాలనిపిస్తుంది కాని, కాదు. నాదే.

ఆ తర్వాత ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం.

"ఇయ్యాల ఎన్ని ఈనినయి అక్కా?"

"ఇరవై దాక అయినయి. మీకన్న రెండు మూడు రోజులు ఎనకున్నయి. రేగడి గదా, సల్లగుంటది."

"చిలుకలు పడుతున్నయా? మా తాన మస్తు పడుతున్నయి."

"అయ్యో, ఈడ గూడ గంతే. మంద మంద వస్తున్నయి. పొద్దుగాల డబ్బా కొట్టీ కొట్టీ చేతులు గుంజుతున్నయి చెల్లె."

అది విని నాకు జాలేసింది. ఇక్కడ నాకు అమ్మా బాపూ సాయం ఉన్నారు, అక్కడ ఆమె ఒక్కతే. అమ్మను అడిగి రెండు పాత చీరలు తీసుకుని, ఎల్లారెడ్డి పోయే బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చి పంపాను. మడి చుట్టూ కడితే పిట్టలు బెదురుతాయని. ఒకటి అమ్మకు ఇష్టమైన ముదురాకుపచ్చ చీర, అంచు చిరిగింది. "కట్టిన చెల్లె, సగం చిలుకలు పోయినయి" అని మర్నాడు ఫోన్ చేసింది.

ఆదివారాలు తనే కామారెడ్డి వచ్చేది. నేను వస్తానంటే, "నీకెందుకు తిప్పలు, బస్సులల్ల నిలవడి రావాలె" అనేది. వచ్చినప్పుడల్లా నోట్‌బుక్ తెచ్చి చూపించేది. దాని అంచులకు ఎండిన మట్టి అంటి ఉండేది. ఆమె గోళ్లలో కూడా మట్టి. మా అమ్మ ఆమె చేతులు చూసి, "చదువుకున్న పిల్లవు, గింత కష్టం ఎందుకు బిడ్డా" అని నూనె రాసింది.

మార్చిలో కోతలయ్యాక వడగండ్ల వాన పడింది. మా ధాన్యం అప్పటికే ఇంట్లో చేరింది. అక్క ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. గింజలు తూకం వేసి రాసుకున్నానని, ఆ తర్వాతే మూటలు తడిసి మొలకలు వచ్చాయని చెప్పింది. దాచి పెట్టాల్సిన గింజ పోయింది. నేనే ఓదార్చాను. "తూకం అయినంకనే గదా అక్కా తడిసినయి, పోనీ" అన్నాను.

వేసవిలో హాస్టల్‌కు వచ్చాం. ఎల్లారెడ్డి కొలతలన్నీ ఆమె కంప్యూటర్‌లో ఎక్కించి నేరుగా సార్‌కు పంపింది. సార్ నన్ను పిలిచి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. ఈనిన రోజుకు ఒక గుట్ట, గింజ బరువుకు ఇంకో గుట్ట. రెండు ఊళ్లలోనూ సరిగ్గా ఒకే చోట లేచాయి. అంత నిటారు గుట్టలు మా ల్యాబులో ఎవరికీ రాలేదు. "అదృష్టవంతురాలివమ్మా" అన్నారాయన. ఒక పెద్ద మీటింగులో ఆ బొమ్మలు నా చేతే చూపించారు. ఎండకు నిలిచే గింజ జన్యువు ఈ మూల ఉంది, రెండు వేరు వేరు నేలల్లో చూశాం అని అంతమంది ముందు నిలబడి చెప్పాను. చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో కూర్చున్న అక్క అందరికంటే గట్టిగా కొట్టింది.

ఆ తర్వాత థీసిస్‌కు పట్టికలు రాస్తున్నప్పుడు, గింజ తక్కువ పడిన ఆ నాలుగు వరుసలు గుర్తొచ్చాయి. ఎల్లారెడ్డిలో వాటి స్థానంలో పొట్టి రకం ఉంది కాబట్టి ఆ అంకెలు తీసేయాలి. తీసేయడానికే ఫైలు తెరిచాను. ఆ నాలుగు వరుసల ఎత్తు చూస్తే ఛాతీ దాకా ఉన్నట్టు రాసి ఉంది. ఈనిన రోజు చూస్తే ఆలస్యం. నేను కవర్లలో నింపింది మోకాలు దాటి కొంచెమే పెరిగే, అన్నిటికంటే ముందు ఈనే రకం. ఎల్లారెడ్డి మట్టిలో ఎంత బలం ఉన్నా అది ఛాతీ దాకా పెరగదు.

మొదట నా తప్పే అనుకున్నాను. కవర్లు తారుమారు చేశానేమో అని. తర్వాత మా కామారెడ్డి అంకెలు పక్కన పెట్టి చూశాను. ప్రతి వరుసకూ, ఒక్కటి తప్పకుండా, మా దానికంటే రెండు రోజులో మూడు రోజులో ఎక్కువ. ఎత్తు ఒక వేలు అటో ఇటో. బరువు కొద్దిగా తక్కువ. పొలం అలా ఉండదు. ఒక వరుస నీడలో పడుతుంది, ఒకటి చెదలు పట్టి ఎండుతుంది, ఒకదాన్ని కుక్క తొక్కిపోతుంది. ఈ అంకెల్లో కుక్క లేదు, చెదలు లేవు. మా అంకెలే బట్టలు మార్చుకుని ఎదురుగా కూర్చున్నట్టు ఉంది.

అయినా ఆమెను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతుంది, నేను ఒప్పుకుంటాను. నాకు అది తెలుసు. ఇంటికి పోతున్నానని చెప్పి కామారెడ్డిలో దిగి, అక్కడి నుంచి ఎల్లారెడ్డి బస్సెక్కాను. లింగంపేట దాటే దాకా వెనక్కి పోదామా అనే అనుకుంటున్నాను.

వాళ్ల చిన్నమ్మ, అంటే కాక భార్య, వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను హాస్టల్లో ఒకసారి చూసింది కాబట్టి గుర్తుపట్టింది. మంచినీళ్లు ఇచ్చింది. ఇటు పని మీద వచ్చాను, మడి చూసిపోదామనుకున్నాను అన్నాను.

"ఏం మడి బిడ్డా?"

"యాసంగిల గోధుమ వేసినం గద చిన్నమ్మా. అక్కా నేను."

"అవ్, గా మడా. అది ఏడున్నది బిడ్డా, మొలిచిన నెలకే దున్నేసిరి. కొత్త బోరు పడ్డది. గిన్ని నీళ్లు పెట్టుకొని గోధుమలేందని మా ఆయన వరి నాటు వేయించిండు. పిల్ల మస్తు ఏడ్చింది. రెండు రోజులు అన్నం తినలే. నీకు చెప్పలేదా?"

తల ఊపాను. అవుననో కాదనో ఆమెకు తోచినట్టు అర్థం చేసుకుంది.

వాకిట్లో తీగ మీద బొంత ఆరేసి ఉంది. మధ్యలో ముదురాకుపచ్చ రంగు గుడ్డ. చిరిగిన అంచు లోపలికి మడిచి సన్నగా కుట్టారు. నేను చూస్తున్నానని చిన్నమ్మ, "మంచిగ కుదిరింది గదా బిడ్డా? పిల్ల తెచ్చిన చీరలే, మెత్తగున్నయి" అంది. లేచి దాన్ని చేత్తో ముట్టుకుని చూశాను. అమ్మ చీరే. జనవరి మొత్తం నేను చిలుకల గురించి అడిగిన ప్రతి సాయంత్రం గుర్తొచ్చింది. వరి నాటిన మడి గట్టు మీద కూర్చుని, లేని కంకుల మీద వాలిన లేని చిలుకల గురించి ఆమె నాకు చెప్పింది. అంకెలు దొంగిలించడం నాకు అంత బాధ కలిగించలేదు. ఆ చిలుకలు కలిగించాయి.

అన్నం తిని పొమ్మంది చిన్నమ్మ. బస్సు ఉందని చెప్పి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే అక్క మా ఇంటికి వచ్చింది. చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పి ఉంటుంది. మా అమ్మ ఎప్పటిలాగే చాయ్ ఇచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరం అమ్మ ముందు ఎండల గురించి మాట్లాడుకున్నాం. చాయ్ అయ్యాక పొలం చూసొస్తామని బయటికి నడిచాం. కోసేసిన మడిలో మొదళ్లు ఇంకా గుచ్చుకుంటున్నాయి.

"దున్నిన రోజు నీకు చెప్దామనే ఫోన్ తీసిన" అంది ఆమె ముందుగా. "ఏం చెప్పాలె? మా కాక నా మడి దున్నేసిండని చెప్పాలెనా? సార్ ఏమంటడు? నన్ను ఉంచుకుంటడా? ఇంకో యాడాది అంటే మా ఇంట్ల ఊకుంటరా? పెండ్లి చేసి పంపుతరు. గవన్నీ అనుకుంట కూసున్న. గప్పుడే నువ్వు పేజీల ఫొటోలు పంపినవ్."

"చిలుకలు?"

"మీ దగ్గర పడుతున్నయంటివి గద. ఈడ గూడ పడతయనుకున్న."

"నోట్‌బుక్‌కు మట్టేంది అక్కా? గోళ్లల్ల మట్టేంది?"

"నాట్లకు పోయిన. గదే మడిల. చిన్నమ్మ రమ్మంటే వద్దనొస్తదా నాకు?" ఆమె కళ్ల నిండా నీళ్లు. "గట్టు మీద కూసొనే రాసేదాన్ని. ఇంట్ల రాస్తే అడుగుతరని."

ఆ మాటకు నా మనసు ఒక్క క్షణం ఆమె వైపు పోయింది. తన వరుసలు ఉన్న చోటే బురదలో వంగి నాట్లు వేసి, గట్టెక్కి కూర్చుని ఆ వరుసలకు రోజులు రాసుకున్న మనిషి. నాతో ఆ రోజే చెప్పి ఉంటే నేను కూడా ఏడ్చేదాన్ని, ఇద్దరం కలిసి సార్ దగ్గరికి పోయేవాళ్లం. ఆ మాటే అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"అయినా నేను నీకేం అన్యాయం చేసిన చెల్లె? తప్పు అంకెలు రాయలే గద. నీవే రాసిన. నీవి కరెక్టే గదా?"

ఆమె నిజంగానే అడుగుతోంది. అందులో అన్యాయం ఏముందో ఆమెకు కనిపించలేదు. నా గుట్టే రెండుసార్లు లేచింది, ఎవరికీ నష్టం లేదు. మొదళ్లు తొక్కుకుంటూ ఇంటికి వచ్చేశాను. ఆమె అటునుంచి అటే బస్టాండుకు పోయింది.

సార్‌కు చెబితే అంతా సర్దుకుంటుందని నమ్మాను. కోప్పడతారు, తర్వాత మడి మళ్లీ వేయమంటారు, అంతే అనుకున్నాను. ఆయన అంతా విని, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఆ నాలుగు వరుసలేనా?"

"కాదు సార్, అన్నీ. పైరే లేదు అక్కడ."

"ఆ నాలుగూ తీసేయమ్మా. మిగతావి ఉండనీ."

నాకు అర్థం కాలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. పేపర్ అచ్చుకు పోయింది, మీటింగులో చూపించాం, మన పేర్లన్నీ ఉన్నాయి, ఆ గుట్ట ఎలాగూ నిజమే కదా అన్నారు. "ఎల్లారెడ్డికి వెళ్లి ఎవరు చూస్తారమ్మా?" అన్నారు.

నేను చూశాను సార్ అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కంప్యూటర్ వైపు తిరిగారు. ఎత్తు కొలిచేటప్పుడు కర్ర నిటారుగా పట్టుకోవాలని, ఒక్క వేలు తేడా వచ్చినా మళ్లీ కొలవమని నాకు నేర్పింది ఆయనే.

పది రోజులు ఏమీ చేయలేదు. పక్క మంచం మీద అక్క ఉంది. ఆమె లేచినప్పుడు నేను నిద్రపోతున్నట్టు పడుకునేదాన్ని. చప్పట్లు కొట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం కూడా అడ్డొచ్చేది. అది పోగొట్టుకోవాలని లేదు, నిజం చెప్పాలంటే. చివరికి మా పనిని పర్యవేక్షించే కమిటీకి ఉత్తరం రాశాను. ఎల్లారెడ్డి కొలతలు పొలంలో తీసినవి కావు, అక్కడ ఆ రోజుల్లో పైరు లేదు, వాటి మీద నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను అని. అక్క మీద ఒక్క వాక్యం కూడా రాయలేదు. రాయకపోయినా అందరికీ తెలిసిపోయింది.

కమిటీ ఎవరినీ ఏమీ అనలేదు. ఎల్లారెడ్డి అంకెలు ఇద్దరి థీసిసుల నుంచీ తీసేయమన్నారు. పేపర్ వెనక్కి తెప్పించారు. అక్క థీసిస్‌కు ఒక్క ఊరి కొలతలు చాలన్నారు, ఆమె ముందే చేరింది కాబట్టి. నాకు మాత్రం గింజ బరువు మీద రెండో చోటు తప్పదన్నారు. అలా ఆమె ఆ ఏడాదే ముగించి డాక్టరైంది. ఆ థీసిస్‌లో ఉన్న ప్రతి ఎత్తు, ప్రతి పిలక మా బాపు పొలంలో నేను కొలిచింది. మొదటి పేజీల్లో కృతజ్ఞతలు చూశాను. సార్ ఉన్నారు, కాక ఉన్నారు, చిన్నమ్మ ఉంది. నేను లేను. ఉత్తరం రాశాను కాబట్టి తీసేసిందో, మొదటి నుంచీ రాయలేదో తెలియదు.

నేను ఇంకో యాసంగి ఎల్లారెడ్డిలోనే వేశాను. ఈసారి మహమ్మద్‌నగర్ పోయే దారిలో ఒక రైతు పొలం. ఆయనను అన్నా అని, ఆయన భార్యను వదినా అని పిలిచాను. కోత దాకా వాళ్ల ఇంట్లోనే ఒక గదిలో ఉన్నాను. అన్న మొదటి రోజే అడిగాడు, "గోధుమల ఏం దొరుకుతదమ్మా గింత తిప్పలు పడితే?" అని. దొరకకపోవచ్చు కూడా అన్నాను. నవ్వి, "గట్లయితే మంచిదే, మాకు గూడ అప్పుడప్పుడు గంతే" అన్నాడు. చిలుకలు నిజంగానే వచ్చాయి. వదిన నాతో పాటు డబ్బా కొట్టింది. ఒక మూల పదిహేను వరుసలు అడవి పందులు పెళ్లగించేశాయి. నోట్‌బుక్‌లో వాటి ఎదురుగా పందులు అని రాసి వదిలేశాను. ఒక వరుస ఎందుకో ఈననే లేదు. అది కూడా అలాగే రాశాను.

గింజలు తూచి, అంకెలు ఎక్కించి, గీత గీయించాను. ఈనిన రోజు గుట్ట ఎల్లారెడ్డిలో కూడా లేచింది, అంత ఎత్తు కాకపోయినా అదే చోట. గింజ బరువు దగ్గర మాత్రం గీత నేలకు అంటుకుని పోయింది. రెండుసార్లు, మూడుసార్లు గీయించాను. లేదు. ఆ రేగడి నేలలో తేమ ఎక్కువ రోజులు నిలిచింది, ఎండ దెబ్బ గింజకు అంతగా తగల్లేదు. ఎండ లేని చోట ఎండను ఓర్చుకునే జన్యువుకు పని లేదు. అందరి ముందు నేను చెప్పిన రెండు మాటల్లో ఒకటి అబద్ధమైంది. దాన్ని నమ్మి ఎవరైనా కొత్త రకం తయారు చేసి ఉంటే, అది కొన్ని నేలల్లో పనికొచ్చేది, కొన్ని నేలల్లో దండగ అయ్యేది. "నీవి కరెక్టే గదా" అని అక్క ఆ రోజు అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది. చెప్పడానికి ఆమె పక్కన లేదు.

నా థీసిస్ చిన్నదిగా, ఆలస్యంగా ముగిసింది. సార్ సంతకం పెట్టారు. బాగుంది అనలేదు, బాగాలేదు అనలేదు. అక్కకు వేరే ఊళ్లో విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చిందని, పెళ్లి కూడా అయిందని విన్నాను. కొన్నాళ్లకు ఒకసారి ఫోన్ చేసింది. "చెల్లె, మంచిగున్నవా?" అంది. మంచిగున్న అక్కా అన్నాను. వాళ్ల పాప ఏడుపు వినిపించింది, ఆమె పెట్టేసింది. ఎన్ని మాటలు అట్టిపెట్టుకున్నానో, అక్కా అనే మాట తప్ప ఒక్కటీ బయటికి రాలేదు.

ఇప్పుడు నేను వ్యవసాయం చదివే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. యాసంగిలో వాళ్లను పొలానికి పంపి కొలతలు రాయిస్తాను. వాళ్లు వెళ్లిపోయాక నేనొక్కదాన్నే పోయి, ఏవో నాలుగు వరుసలు మళ్లీ కొలిచి చూసుకుంటాను. ఎవరికీ చెప్పను. పోయిన ఏడాది ఒక అమ్మాయి మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చి నన్ను చూసింది. తన నోట్‌బుక్ నా చేతిలో ఉంది, కర్ర తను కొలిచిన వరుస దగ్గరే ఉంది. నిజామాబాద్ వైపు పిల్ల. నెమ్మదస్తురాలు, పని శ్రద్ధగా చేస్తుంది.

"మేడం, నా మీద నమ్మకం లేదా మీకు?" అని అడిగింది.

ఉంది అని అనవచ్చు. అందరివీ చూస్తాను అనవచ్చు, అది నిజం కూడా. ఆ పిల్ల రాసిన అంకె, నేను కొలిచిన అంకె సరిగ్గా కలిశాయి. ఆ మాటైనా చెప్పవచ్చు. నేను నోట్‌బుక్ మూసి ఆమె చేతికిచ్చాను. ఆమె గొడుగు తీసుకుని, గట్టు మీద నెమ్మదిగా నడిచి వెళ్లిపోయింది. ఇంకా రెండు వరుసలు మిగిలి ఉంటే, వాటిని కూడా కొలిచాను.